తిరుపతి నుంచి డల్లాస్‌కి 16 గంటలా, 33 గంటలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో ఉండే మీ అమ్మగారు, వయసు 66, మొదటిసారి విమానం ఎక్కి డల్లాస్‌లో ఉన్న మీ అక్క దగ్గరికి వెళ్లాలి. ఇంటర్నెట్‌లో చూస్తే విమాన దూరం 14,800 కిలోమీటర్లు, ప్రయాణం పదహారున్నర గంటలు అని ఉంది. ట్రావెల్స్‌లో అడిగితే ముప్పై గంటలు దాటుతుంది అన్నారు. ఎవరిని నమ్మాలి, అమ్మకి ఏమని చెప్పాలి?

ఇద్దరూ నిజమే చెప్పారు. వాళ్లు లెక్కపెట్టింది మాత్రం వేరువేరు సంగతులు. నేను తిరుపతిలో 22 ఏళ్లుగా టికెట్లు తీసే పనిలో ఉన్నాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది మీ అమ్మగారిలాంటి వాళ్లే. బిడ్డల దగ్గరికి, మనవళ్ల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు దూరం. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట నుంచి డల్లాస్ విమానాశ్రయానికి భూమి గుండ్రం మీద అతి దగ్గరి దారి కొలిస్తే సుమారు 14,830 కి.మీ. వస్తుంది. మామూలు మైళ్లలో 9,200 పైన, విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో 8,000. ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో అంకె కనిపించడానికి చాలాసార్లు ఈ మైళ్ల తికమకే కారణం. జెట్ విమానం గంటకు 900 కి.మీ. పోతుందనుకుని భాగిస్తే పదహారున్నర గంటలు. మీరు చూసిన అంకె అలా వచ్చిందే. ఆ లెక్కలో విమానం రేణిగుంటలో లేచి ఎక్కడా ఆగకుండా డల్లాస్‌లో దిగుతుంది. అలాంటి విమానం లేదు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి కూడా లేదు.

ఆ దారి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. డల్లాస్ ఏ దిక్కున ఉంది అని ఎవరినైనా అడగండి, పడమర అంటారు. నా టేబుల్ మీద బడిపిల్లల గ్లోబు ఒకటి, పూలు కట్టే దారం ఒక ఉండ ఉంటాయి. దారం ఒక కొస తిరుపతి మీద వేలితో అదిమి, రెండో కొస డల్లాస్ దాకా బిగించి లాగితే అది పడమటికి పోదు. నిట్టనిలువుగా ఉత్తరానికి ఎక్కుతుంది. రేణిగుంటలో వెంకటగిరి వైపు ముఖం పెట్టి నిలబడితే దాదాపు డల్లాస్‌కి ఎదురుగా నిలబడినట్టే. అక్కడి నుంచి ఢిల్లీకి కొంచెం తూర్పుగా, హిమాలయాలు దాటి, కజకిస్తాన్‌లోని అల్మాటీ మీదుగా, సైబీరియాలో ఓమ్‌స్క్ పక్కగా, ఉత్తర ధ్రువానికి నాలుగైదు వందల కిలోమీటర్ల దగ్గరగా పోయి, అవతల కెనడాలో హడ్సన్ బే పడమటి గట్టు వెంట దిగి, అమెరికా మధ్య మైదానాల మీదుగా డల్లాస్ చేరుతుంది. కారణం ఏమంటే మన రేఖాంశం 79న్నర డిగ్రీలు తూర్పు, డల్లాస్‌ది 97 డిగ్రీలు పడమర. రెండూ కలిపితే 176న్నర. 180 అయితే సరిగ్గా భూగోళం అవతలి వైపు. మనకు పట్టపగలైతే వాళ్లకు అర్ధరాత్రి కావడం అందుకే.

ఇంత తిన్నని దారి ఉండగా చుట్టూ తిరగడం ఎందుకు? టిబెట్ పీఠభూమి మీద విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు దించాలి. అక్కడ నేలే అంతకంటే ఎత్తు. అందుకే ఆ ప్రాంతాన్ని వీలైనంత వరకు తప్పించుకుని పోతారు. ధ్రువం దగ్గర అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలు తక్కువ. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం అమెరికా, ఐరోపా సంస్థలకు మూసుకుపోయింది. అయినా అసలు అడ్డు ఇవేవీ కావు. ఇంతకన్నా పొడుగు ప్రయాణాలు నడుస్తున్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కి.మీ. పైనే, అది ఆగకుండా పోతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం కెప్టెన్ జోయా అగర్వాల్ సారథ్యంలో, కాక్‌పిట్‌లో అందరూ మహిళలే ఉండగా, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు వచ్చి దిగింది. అది కూడా 14,000 కి.మీ. దూరమే, 17 గంటలు పట్టింది. అంటే పోగల విమానాలు ఉన్నాయి. అసలు అడ్డు ప్రయాణికుల లెక్క. ఏడాది పొడవునా ఆ సీట్లన్నీ నింపేంత మంది ఒక్క ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలి, అది కుదరాలి.

కాబట్టి అమ్మగారు ఎక్కడో ఒకచోట విమానం మారాల్సిందే. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. దుబాయ్ మీదుగా పోతే దగ్గర, లండన్ మీదుగా పోతే చుట్టు అని వాదించుకుంటారు. నేను కొలిచి చూశాను. చెన్నై నుంచి దుబాయ్ 2,930, అక్కడి నుంచి డల్లాస్ 12,920, మొత్తం 15,850 కి.మీ. చెన్నై నుంచి లండన్ 8,230, అక్కడి నుంచి డల్లాస్ 7,630, మొత్తం 15,860 కి.మీ. పది కిలోమీటర్లు తేడా! రేణిగుంటలో ఎక్కి హైదరాబాద్, దుబాయ్ మీదుగా పోయినా 15,900 లోపే. నేరుగా పోయే దారికంటే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ, అంతే. విమానానికి అది గంటా పదినిమిషాల పని. కాబట్టి దారి ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లు చూడొద్దు. ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలి, ఎన్నిసార్లు లేచి నడవాలి, ఎవరితో మాట్లాడాలి, ఇవి చూడండి.

ఇప్పుడు గంటలు. ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. వేళలు కాలాన్నిబట్టి మారుతుంటాయి, లెక్క కోసమే తీసుకోండి. ఎండాకాలంలో చెన్నై నుంచి తెల్లవారుజామున 4 గంటలకు విమానం. దుబాయ్‌కి నాలుగ్గంటల పైచిలుకు. అక్కడ రెండు గంటల పైన ఆగి, అక్కడి టైం ఉదయం 9కి రెండో విమానం. దాదాపు 16 గంటలు గాల్లో. డల్లాస్‌లో దిగేసరికి అక్కడ సాయంత్రం 4, అదే తేదీ. పొద్దున 4కి ఎక్కి సాయంత్రం 4కి దిగితే పన్నెండు గంటలే కదా అనిపిస్తుంది. కానీ ఎండాకాలంలో డల్లాస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. కలిపితే ఇరవై రెండున్నర గంటలు. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఆ తేడా పదకొండున్నర గంటలు అవుతుంది, వాళ్లు గడియారాలు జరుపుకుంటారు కాబట్టి. మీ అక్కకి ఫోన్ చేసేటప్పుడు కూడా ఇది గుర్తుంటే మంచిది.

ఆ ఇరవై రెండున్నర గంటలకు ముందూ వెనకా ఉన్నది కలపండి. 4 గంటల విమానానికి ఒంటిగంటకల్లా విమానాశ్రయంలో ఉండాలి. తిరుపతి నుంచి చెన్నై విమానాశ్రయం 140 కి.మీ. లోపే, మామూలు రోజుల్లో మూడున్నర గంటలు. దారిలో ఒకచోట ఆగడం, కాఫీ, ఏదైనా ఆలస్యం అనుకుంటే రాత్రి 8కి ఇంటి నుంచి బయల్దేరాలి. అక్కడికి 8 గంటలు. డల్లాస్‌లో ఇమిగ్రేషన్ లైను, పెట్టెలు, మీ అక్క ఇంటికి కారు, రెండున్నర గంటలు. మొత్తం 33 గంటలు. పదహారున్నరకి సరిగ్గా రెట్టింపు. పెరిగిన సగంలో గాలి దూరం వాటా కొంచెమే. మిగతాదంతా రోడ్డు, లైన్లు, ఎదురుచూపులు. విమానం వేగం మన చేతిలో లేదు గానీ ఈ రెండో సగం చాలావరకు మన చేతిలోనే ఉంది. పెద్దవాళ్లు అలసిపోయేది కూడా ఇక్కడే.

రోడ్డు సంగతి మన జిల్లావాళ్లకు చెప్పాల్సిన పని లేదనుకుంటాం. కానీ పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు దారి ఎప్పుడూ ఒకేలా ఉండదు. తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబర్-అక్టోబర్) శనివారాలు తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని కొండకు నడిచి వచ్చే భక్తులతో రోడ్డు నిండిపోతుంది. ఆడి కృత్తికకు తిరుత్తణిలో కావళ్లు మోసేవాళ్ల మధ్య కారు అడుగు కదలదు. ఆ రోజుల్లో నాగలాపురం, ఊత్తుకోట వైపు నుంచి పొమ్మని చెబుతాను, గంటన్నర ముందే బయల్దేరమంటాను. నవంబర్, డిసెంబర్ నెలల్లో తుఫాను ఉంటే ఇంకో సంగతి. 2015 డిసెంబర్ వరదల్లో చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫానుకీ రన్‌వే నీళ్లలో మునిగింది. ఆ రెండు నెలల్లో తేదీ మన ఇష్టమైతే నేను బెంగళూరు గానీ హైదరాబాద్ గానీ చూస్తాను. మీరు చిత్తూరులో ఉంటున్నానన్నారు. అమ్మగారిని రెండు రోజుల ముందు మీ ఇంటికి తెచ్చుకుంటే పలమనేరు, ముళబాగిలు, కోలారు, హొసకోట మీదుగా బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లికి 190 కి.మీ. దాకా ఉంటుంది. బెంగళూరు ఊళ్లోకి పోనక్కర్లేదు. అది మంచి దారి.

రేణిగుంటలోనే ఎక్కించేద్దామని మీకు అనిపిస్తుంది, ఇంటికి దగ్గర కాబట్టి. హైదరాబాద్ 420 కి.మీ., గంటా పది నిమిషాల్లో దించుతారు. అక్కడ దేశీయ, అంతర్జాతీయ విమానాలు రెండూ ఒకే టెర్మినల్ భవనంలో కాబట్టి పెద్దవాళ్లకు నిజంగా సౌకర్యమే. కానీ ఒకటే షరతు. రేణిగుంట నుంచి డల్లాస్ దాకా ఒకే టికెట్, ఒకే పీఎన్‌ఆర్ ఉంటేనే. వేరువేరుగా తీసుకుంటే మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లకు మీతో సంబంధం ఉండదు. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక దంపతులకు అలా విడిగా తీసిచ్చాను, ఐదారు వేలు తగ్గుతుందని. ఆ రోజు వాన. రేణిగుంటలో విమానం మూడు గంటలు ఆలస్యం. వాళ్లు హైదరాబాద్‌లో దిగేసరికి పెద్ద విమానం గేటు మూసేశారు. ఆ పెద్దాయన ఫోన్‌లో నన్ను ఒక్క మాట అనలేదు. "ఇప్పుడేం చేయాలి నాయనా" అని మాత్రం అడిగాడు. కొత్త టికెట్లకు రెండు రోజులు హోటల్లో ఉన్నారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పటి నుంచి విడి టికెట్లు అడిగినా నేను తీయను. ఒకే టికెట్ కుదరకపోతే ముందు రోజే హైదరాబాద్ చేరి చుట్టాలింట్లో పడుకోమంటాను.

ఇక ఎక్కడ మారాలి అన్నది. నా సలహా ఒకటే: అమెరికాలో మొదట అడుగుపెట్టే చోటు డల్లాసే కావాలి. న్యూయార్క్ మీదుగానో షికాగో మీదుగానో చవగ్గా టికెట్ దొరుకుతుంది. కానీ అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ జరుగుతుంది. అక్కడే పెట్టెలు బెల్టు మీద నుంచి దించుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. రెండు 23 కిలోల పెట్టెలు, అలవాటు లేని ఇంగ్లీషు, ఇంకో టెర్మినల్‌కి రైలు, ఇవన్నీ 16 గంటలు కూర్చుని లేచిన మనిషి ఒంటరిగా చేయాలి. దుబాయ్ నుంచి ఎమిరేట్స్, దోహా నుంచి ఖతర్ ఎయిర్‌వేస్, లండన్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా డల్లాస్‌కి పోతాయి. ఇలాంటివైతే చెన్నైలో వేసిన పెట్టె డల్లాస్‌లోనే చేతికొస్తుంది.

వీటిలో గల్ఫ్ దారిలో మొదటిది చిన్న ప్రయాణం, రెండోది చాలా పెద్దది. లండన్ దారిలో రెండూ పదేసి గంటలు, మధ్యలో కాళ్లు చాపుకోవడానికి విరామం. మోకాళ్ల నొప్పులు, కాళ్ల వాపు ఉన్నవాళ్లకు నేను లండన్ దారే చెబుతాను. అలాంటిదేమీ లేకుండా, తోటి తెలుగువాళ్లు కనిపిస్తే ధైర్యం వచ్చే మనిషైతే గల్ఫ్ దారి మేలు. ఆ విమానాల్లో మన పెద్దవాళ్లు ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. ట్రాన్సిట్ వీసా నియమాలు, గగనతలం పరిస్థితి రెండూ మారుతూ ఉంటాయి. 2025 జూన్ 23న ఖతర్ ఉన్నట్టుండి కొన్ని గంటలు గగనతలం మూసేసింది. అందుకని టికెట్ తీసే వారం, బయల్దేరే ముందు రోజు ఎయిర్‌లైన్ దగ్గర సరిచూసుకోండి.

మధ్యలో విరామం మూడు, నాలుగు గంటలు ఉండేలా చూడండి. గంటన్నర ఉంటే పెద్దవాళ్లు పరుగెత్తాలి, తొమ్మిది గంటలుంటే కుర్చీలో కూలబడిపోతారు. పైన నేను చూపిన ఉదాహరణలో రెండు గంటల పైన ఉంది చూశారా, అది మీకూ నాకూ సరిపోతుంది, అమ్మగారికి తక్కువ. నాలుగు గంటలదే తీసుకోండి, ప్రయాణం 35 గంటలైనా ఫరవాలేదు. టికెట్‌తోపాటే చక్రాల కుర్చీ అడగండి, దానికి డబ్బు కట్టాల్సిన పని లేదు. నడవగలిగినా అడగండి. కుర్చీ తోసే మనిషి గేటు దాకా తీసుకెళ్లి కూర్చోబెడతారు, దారి వెతుక్కునే భయం ఉండదు. శాకాహారమైతే ఏవీఎంఎల్ (మన తరహా శాకాహారానికి విమానాలవాళ్లు వాడే గుర్తు) అని భోజనం రాయించండి. చివరి నిమిషంలో అడిగితే దొరకదు.

మొన్న పీలేరు నుంచి ఒకామె కొడుకుతో వచ్చింది. టికెట్ అంతా విన్నాక ఆమె అడిగింది ఒక్కటే: "అంతసేపు కూర్చోనుంటే ఒళ్లు ఏమవుతుందప్పా?" అది సరైన ప్రశ్న. విమానం లోపలి గాలి ఒత్తిడి 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. తిరుమల కొండకు రెట్టింపు పైన, ఊటీ అంత ఎత్తులో పదహారు గంటలు కూర్చున్నట్టు. గాలిలో తేమ బాగా తక్కువ, పెదవులు ఎండిపోతాయి. కాబట్టి దాహం లేకపోయినా నీళ్లు తాగాలి. బాత్రూంకి లేవాల్సి వస్తుందని చాలామంది ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు, అది ప్రమాదం. నడవా పక్క సీటు తీసిస్తే ఎవరినీ లేపక్కర్లేకుండా వెళ్లొస్తారు. రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. షుగర్, బీపీ మాత్రలుంటే ఒక కాగితం మీద విమానాల వేళలన్నీ మన టైంలోనే రాసి డాక్టరుకు చూపించండి, ఏ మాత్ర ఎప్పుడో ఆయనతోనే రాయించుకోండి. పడమటికి పోతే ఆ రోజు పదిన్నర గంటలు సాగుతుంది కదా, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్న లెక్క అక్కడ పనిచేయదు. మాత్రలు, చీటీ రెండూ చేతి సంచిలోనే ఉండాలి. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలో. స్వామి లడ్డు తీసుకెళ్తే డల్లాస్‌లో కస్టమ్స్ వాళ్లకు ఆహారం ఉందని చెప్పేయమనండి. చెబితే జరిమానా ఉండదు, దాస్తే పడొచ్చు.

తేదీ విషయంలో జాగ్రత్త. మన వైపు నుంచి పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. టికెట్ మీద 15వ తేదీ, 00:50 అని ఉంటే 14 రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. చదువుకున్నవాళ్లు కూడా 15 రాత్రి పెట్టెలతో వస్తారు. నేను టికెట్ కాగితం మీద ఎర్ర పెన్నుతో "14 సాయంత్రం బయల్దేరాలి" అని రాసి, కింద గీత గీసి ఇస్తాను. మంచి ఘడియ చూసుకునేవాళ్లు కూడా ఇంటి నుంచి కదిలే వేళ చూసుకోవాలి, విమానం లేచే వేళ కాదు. ఆ వేళకు రాహుకాలమో వర్జ్యమో అడ్డమొస్తే మన పెద్దవాళ్లు చేసినట్టు ముందే మంచి ఘడియలో పెట్టె తీసుకెళ్లి పక్కింట్లో పరస్థానం పెట్టేయండి. అమ్మగారి మనసు కుదుటపడుతుంది, విమానం తప్పదు.

తిరుగు ప్రయాణంలో తేదీ ఇంకోలా తిరుగుతుంది. డల్లాస్ నుంచి దుబాయ్‌కి గాలి వీపు వైపు నుంచి తోస్తుంది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అది. పోయేటప్పుడు 16 గంటలు పట్టిన దారి వచ్చేటప్పుడు గంటకు పైగా తగ్గుతుంది. కానీ గడియారం ముందుకు దూకుతుంది కాబట్టి, సోమవారం సాయంత్రం 6కి డల్లాస్‌లో ఎక్కి, దుబాయ్‌లో నాలుగు గంటలు ఆగితే, చెన్నైలో దిగేది బుధవారం తెల్లవారుజామున 3 దాటాక. మంగళవారం అంతా గాల్లోనూ దుబాయ్‌లోనూ అయిపోతుంది. అందుకని కారు మాట్లాడేటప్పుడు డ్రైవరుకి బుధవారం అని చెప్పొద్దు. "మంగళవారం రాత్రి భోంచేసి తిరుపతిలో బయల్దేరు, 3కల్లా చెన్నైలో ఉండు" అని చెప్పండి. అలా అయితే పెట్టెలు తీసుకుని 4:30కి బయటికొచ్చిన అమ్మగారు 8, 8:30కల్లా ఇంట్లో ఉంటారు.